తొంభై ఒక్క కొలతలు

ఆళ్లగడ్డ
డిసెంబరు 3

చెల్లెమ్మా భావనా,

సలాం. ఈమెయిలు కొత్తది, మా కొట్టు పేరుతో ఉంటాది, ఎవడో లోన్ ఇస్తానంటాండాడని తుడిచెయ్యొద్దు. నేనమ్మా, ముబారకన్నను. మీ నాయన కిరాణా కొట్టు పక్కనే మోటరు సామాన్లూ పైపులూ మోకులూ అమ్మేవాణ్ణి. ఆరో తరగతిలో నువ్వు నా కొట్టు ముందర సైకిలు నేర్చుకుంటా మూడు పైపులు పగలగొట్టినావు. దానికి బదులు ఇప్పుడొక పని చెప్తాండా.

ఫోను చేస్తే "అన్నా, క్లాసులో ఉండా" అంటావు. పైగా నేను మాట్లాడితే ఆపనని మీ నాయనే నీకు చెప్పినాడంట. అందుకే టైపు చేస్తాండా, తీరికగా చదువుకో.

రుద్రవరం అవతల మూడు పల్లెల నడుమ నీళ్ల సీసాలు నింపే ఫ్యాక్టరీ ఒకటి పెట్టినారు. ఈ ఏడు జనవరిలో నీళ్లు తోడేది మొదలుపెట్టినారు. ఇప్పుడు ఇంకో లోతు బోరు కావాలంటాండారు. ఇయ్యాల్నా వద్దా అని ఫిబ్రవరిలో సర్కారు కమిటీ విచారణ. మా రైతులు "సార్, బావులు దిగిపోయినాయి" అంటే "రుజువేందీ" అంటారు గదా. ఆ రుజువు మా కాడ ఉండాది.

ఫ్యాక్టరీ వస్తాదని తెలిసినప్పుడే, పోయినేడు జూన్‌లో, నేనూ శాంతయ్యా కొలిచేది మొదలుపెడితిమి. పన్నెండు బావులు. వారానికొకసారి. గట్టు నుంచి నీళ్ల దాకా ఎంత ఉండాదో కొలిచి రాసుకునేది. ఏడు బావులు నావి, టేపుతో. ఐదు శాంతయ్యవి. ఆయన నీకు తెలుసులే, బావులు తవ్వే మేస్త్రి, డెబ్భై ఏండ్లొచ్చినా నాకంటే బిరబిరా నడుస్తాడు.

ఏడాదిన్నర కొలతలన్నీ కంప్యూటర్లో ఎక్కించి పంపుతాండా. ఒక గ్రాఫు పటం గీసి, కింద సంతకం పెట్టి ఇయ్యి. స్టాటిస్టిక్స్ మేడం సంతకమంటే ఆ బరువే వేరు. తొమ్మిదో నంబరు బావి జయప్రకాష్‌ది, ఊర్లోళ్ల తరపున మాట్లాడేది ఆయనే. దినామూ కొట్టుకాడికొచ్చి "ఏమప్పా, మీ మేడం ఏమనె" అంటాండాడు. ఈ విచారణ పోతే ఆ మూడు పల్లెల్లో వరి లేదు, పసుపు లేదు. తాగేదానికి గూడా ఆ ఫ్యాక్టరీ సీసాలే కొనుక్కోవాల.

మీ వదిన తస్నీమ్ అడిగినానని రాయమనె.

మీ అన్న
ముబారక్


నంద్యాల
డిసెంబరు 11

ముబారకన్నా,

పైపులు మూడు కాదు, రెండు. మూడోది నువ్వే తొక్కి నా మీద వేసినావు.

పటం గీయడానికి పది నిమిషాలు చాలు. కానీ సంతకం పెట్టే ముందు ఎవరి కొలతలనైనా ఒకసారి తడిమి చూడటం నా అలవాటు. నిజంగా కొలిచిన అంకెలా, కూర్చుని రాసిన అంకెలా అని చూసేందుకు ఒక పద్ధతి ఉంది. నీకు అర్థమయ్యేట్టు చెబుతాను.

నీ బావిలో నీళ్లు 943 సెంటీమీటర్ల కింద ఉన్నాయనుకో. ముందున్న 9 ఎందుకొచ్చిందంటే బావిని బట్టి, కాలాన్ని బట్టి. చివర 3 ఎందుకొచ్చిందంటే కారణమేమీ లేదు. 2 కావచ్చు, 8 కావచ్చు. అందుకే కొలతలు వందల్లో పోగేస్తే, చివరి అంకెలు సున్నా నుంచి తొమ్మిది దాకా ఇంచుమించు సమానంగా రావాలి. బస్టాండులో ఆగిన బస్సుల నంబర్లు రాసి చూడు, అట్లే వస్తాయి. కార్లవి మాత్రం రాయొద్దు. వాటికి జనం దుడ్లు పెట్టి తొమ్మిది కొనుక్కుంటారు. మనిషి ఇష్టం దూరిన చోట ఆ సమానం చెడిపోతుంది.

ఇప్పుడు శాంతయ్య ఐదు బావుల సంగతి చూడు. మొత్తం మూడు వందల తొంభై కొలతలు. చివరి అంకె సున్నా, రెండు, ఐదు, ఏడు. ఈ నాలుగే. ఒకటి లేదు, మూడు లేదు, నాలుగు, ఆరు, ఎనిమిది, తొమ్మిది ఒక్కసారి కూడా లేవు. ఏ బావీ ఇట్లా నిండదు, ఇట్లా ఎండదు.

ఫ్యాక్టరీవాళ్లు కర్నూలు నుంచి లెక్కలు తెలిసిన మనిషిని పెట్టుకున్నారని విన్నాను. నేను చూసింది ఆయనా చూస్తాడు. ఆయన "ఇవి దొంగ కొలతలు" అని తేలిస్తే ఆ ఐదు బావులతో ఆగదు. పన్నెండూ పోతాయి.

శాంతయ్య నిజంగా కొలిచినాడా? నాకు రాసి చెప్పు, ఫోన్లో వద్దు. రేపు చూపించడానికి కాగితం ఉండాలి. నేను అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. ముందు ఇది చెప్పు.

భావన


ఆళ్లగడ్డ
డిసెంబరు 14

చెల్లెమ్మా,

నీ మెయిలు చదివి కొట్టు మూసి నేరుగా శాంతయ్య ఇంటికి పోతి. అరుగు మీద కూచొని బీడీ తాగుతాండాడు. నేను నిలబడే అడిగితి.

"పెద్దాయనా, నిజం చెప్పు. బావులు కొలిచినావా, ఇంట్లో కూచొని నోటికొచ్చింది చెప్పినావా?"

ఆయన బీడీ పక్కన పెట్టె.

"నలభై ఏండ్లు బావుల్లో దిగినోణ్ణి. బావి మింద అబద్ధం చెప్తే మళ్లా దాంట్లోకి ఏ మొగం పెట్టుకొని దిగేది?"

"అయితే నీ కొలతల్లో ఒకటీ మూడూ నాలుగూ యాడికి పాయ?"

"నాకేం తెలుసప్పా. నేను నీకు చెప్పింది మూరలు. నువ్వు రాసుకున్యేది ఏందో నువ్వే చూసుకో."

అప్పుడు తెలిసె నాకు. తప్పు నాదే. శాంతయ్యకు టేపు మింద నమ్మకం ల్యా. ఆయన కాడ ముడులేసిన మోకు ఉండాది. మూరకొక ముడి. అది బావిలోకి వదిలి "ఇరవై మూరలు", "ఇరవై ఒకటీ ఒక జాన" అని చెప్తాడు. జాన అంటే అర మూర. ఆఫీసోళ్లకు మూరలూ జానలూ రాసిస్తే నవ్వుతారని, మూరకు నలభై ఐదు సెంటీమీటర్ల లెక్కన నేనే మార్చి ఎక్కించినా. అర సెంటీమీటరు వస్తే ఎగరగొట్టినా. కావాలంటే నువ్వే వేసి చూడు. ఇరవై మూరలు తొమ్మిది వందలు. ఇరవైన్నర తొమ్మిది వందల ఇరవై రెండు. ఇరవై ఒకటి తొమ్మిది వందల నలభై ఐదు. ఇరవై ఒకటిన్నర తొమ్మిది వందల అరవై ఏడు. సున్నా, రెండు, ఐదు, ఏడు. నీ నాలుగు అంకెలూ అగపడె గదా.

దర్జాగా ఉంటాదని చేసిన పని ముసలాయన్ను దొంగను చేసె. నిన్న రాత్రి అన్నం దిగింది. ఇంక పటం గీసేయ్.

ముబారకన్న


నంద్యాల
డిసెంబరు 21

అన్నా,

వేసి చూశాను. మూడు వందల తొంభై కొలతలూ మూరల్లోకి, జానల్లోకి సరిగ్గా తిరిగి వచ్చాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. శాంతయ్య కొలిచినాడు, సందేహం లేదు. ఆయనకు నా నమస్కారం చెప్పు. ఆయన చెప్పిన మూరలు నువ్వు మొదట రాసుకున్న పుస్తకం ఉంటే, పేజీలన్నీ ఫోటో తీసి పంపు.

ఇక రెండో మాట.

నీ ఏడు బావులవి మొత్తం ఐదు వందల నలభై ఆరు కొలతలు. నెలల వారీగా విడదీసి చూశాను. నాలుగు వందల యాభై ఐదు కొలతల్లో చివరి అంకెలు చాలా బాగున్నాయి. ప్రతి అంకె నలభై, యాభైసార్ల మధ్యలో వచ్చింది. నువ్వు వంగి, టేపు చూసి రాసినవి అవి.

మిగిలిన తొంభై ఒకటి అట్లా లేవు. ఒక్కో అంకె తొమ్మిదిసార్ల చొప్పున రావాలి. ఏడు ఇరవై ఒక్కసార్లు వచ్చింది. మూడు పందొమ్మిది. సున్నా ఒకే ఒక్కసారి. ఐదు రెండుసార్లు. చివర రెండంకెలు ఒకటిగా, అంటే 11, 44, 88 మాదిరి, తొమ్మిది చోట్లన్నా ఉండాలి. ఒక్కటీ లేదు.

ఈ తొంభై ఒకటీ వరుసగా పదమూడు వారాలవి. ఈ ఏడాది ఆగస్టు మొదటి నుంచి అక్టోబరు ఆఖరు దాకా.

ఆ మూడు నెలలు ఏం జరిగిందన్నా?

భావన


ఆళ్లగడ్డ
డిసెంబరు 22

భావనా,

ఏం జరిగిందంటావేందీ. వానలు జరిగినాయి. గట్లన్నీ బురద, టేపు తడిస్తే అంకెలు సరిగా అగపడవు, కండ్లద్దాల మింద నీళ్లు. ఏడు అగపడిన కాడ ఒకటి, మూడు అగపడిన కాడ ఎనిమిది, అట్ల ఏమన్నా అయ్యుంటాది. నువ్వు నంద్యాలలో ఫ్యాను కింద కూచొని లెక్కేస్తాండావు. బావుల కాడికి తిరిగినోళ్లకు తెలుస్తాది.

శాంతయ్యను అనుమానిస్తివి, అది తేలిపాయ. ఇప్పుడు నన్నా? మీ నాయన పక్కన ఇరవై ఏండ్లుగా కొట్టు నడుపుతాండా. ఒక్క జానెడు మోకు తక్కువ కోసినానని ఎవరన్నా అన్యారేమో ఆయన్నే అడుగు.

నాకు పనుండాది. రబీ సీజను. మోటర్లు వచ్చి పడతాండాయి.

ముబారక్


నంద్యాల
జనవరి 3

ముబారకన్నా,

నాన్నను అడగను. ఇది మోకుల సంగతి కాదు.

టేపు తడిసిందన్నావు. పోయినేడు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కూడా వానలే. ఆ కొలతలు ఏ వంకా లేకుండా ఉన్నాయి. అదే టేపు, అవే కండ్లద్దాలు.

రెండు సంగతులు చెబుతాను, కోపం తెచ్చుకోకుండా విను. విచారణ ఫిబ్రవరి పదిహేడున. మన కొలతలన్నీ జనవరి ఇరవై ఐదు లోపల ఇయ్యాలి, ఒక ప్రతి ఫ్యాక్టరీవాళ్లకు పోతుంది. వాళ్లు పెట్టుకున్న ఆ కర్నూలు సార్ రాసిన పాఠం మేం ఎమ్మెస్సీలో చదువుకున్నాం. చివరి అంకెల గురించే. నాకు వారం పట్టింది ఆయనకు ఒక పూట పట్టదు.

భావన


ఆళ్లగడ్డ
జనవరి 11

భావనమ్మా,

నువ్వడిగిన పుస్తకం పేజీలు ఫోటోలు తీసి పంపినా. శాంతయ్య లెక్కలన్నీ దాంట్లో ఉండాయి. టీ మరకలు పట్టించుకోవద్దు.

ఈడ చలి బాగుండాది. మీ నాయనకు దగ్గు తగ్గింది, నేనే మిరియాల కషాయం పంపిస్తి. జయప్రకాష్ నిన్న మళ్లా వచ్చె. విచారణకు మూడు పల్లెల నుంచి రెండు ట్రాక్టర్ల జనాన్ని తోలుకుపోతాడంట. నీకు శాలువా గూడా కొన్యాడు. నాకు చూపించె, ఎర్రది.

ఒక మాట అడగాలనుకుంటాండా. ఊరికే అడుగుతాండా. ఆ మూడు నెలలవి, నా ఏడు బావులవి మాత్రం, తీసేస్తే ఏమైతాది? కాగితం పోయిందని చెప్పొచ్చు గదా. పోతాయి కాగితాలు.

అయినా ఆ మూడు నెలల్లో నీళ్లు పైకి లేవల్యా అనేది మాత్రం నిజం చెల్లెమ్మా. శాంతయ్య బావులూ లేవల్యా. అంకె అటూ ఇటూ అయ్యుంటే అయ్యుండొచ్చు, మాట తప్పు గాదు.

ముబారకన్న


నంద్యాల
జనవరి 13

అన్నా,

తీసేస్తే ఏమవుతుందో చెబుతాను. మన వాదమంతా ఆ మూడు నెలల్లోనే ఉంది. పోయినేడు వానలకు బావులు బాగా లేచాయి. ఈ ఏడాది, ఫ్యాక్టరీ తోడడం మొదలైనాక, అంతే వానకు లేవలేదు. అది చూపించే నెలలే పోతే చేతిలో ఏముంటుంది. శాంతయ్యవి ఐదు బావులు మిగులుతాయి. అవి చాలినా చాలకపోయినా, నీ ఏడూ ఎందుకు లేవని అడుగుతారు. కాగితం పోయిందంటే, పోయిన కాగితంలోని అంకెలు డిసెంబరులో నాకెట్లా పంపినావని అడుగుతారు.

మాట నిజమే కావచ్చు. దానికి సాక్షి ఆ అంకెలే. సాక్షి అబద్ధమాడితే నిజం కూడా నిలబడదు.

ఒక్కటే అడుగుతాను. ఆ పదమూడు వారాలు నువ్వు బావుల దగ్గరికి పోయినావా, లేదా?

భావన


ఆళ్లగడ్డ
జనవరి 19

చెల్లెమ్మా,

ఇది మూడోసారి రాస్తాండా. రెండుసార్లు తుడిచేసినా. ఇప్పుడు మీ వదిన పక్కనే కూచొని ఉండాది, పంపేదాకా లెయ్యనంటాండాది.

పోయినా. కొలవల్యా.

జులై ఆఖరి వారం. తొమ్మిదో నంబరు బావి, జయప్రకాష్‌ది. తుంపర పడతాండె. ఆ బావికి గోడ లేదు, గట్టు రాయి మింద పాచి. టేపు వదలడానికి వంగితి. కాలు జారె. మోటరు పైపు చేతికి దొరికె గాబట్టి సరిపాయ. లేకుంటే ఈ మెయిలు లేదు. ఆ పైపు పట్టుకొని వేలాడితి. కింద ఐదు నిలువుల దూరంలో నీళ్లు. అరిచితే నా గొంతే మళ్లా కింద నుంచి నన్ను పిలుస్తాండె.

మేకలు మేపుకునే భారతమ్మ విన్యాది. మేకల తాడు మోటరు దిమ్మెకు కట్టి విసిరింది. అట్ల పైకొచ్చినా. ఇరవై ఏండ్లు మోకులమ్మినోణ్ణి, మేకల తాడు పట్టుకొని పైకొచ్చినా. గట్టు మింద పడుకొని ఎవరికీ చెప్పొద్దని ఆమె చేత ఒట్టేయించుకుంటి. "చెప్తే నీకేం పోతాదబ్బా" అనె. ఏం పోతాదో అప్పుడు నాకు తెల్ల్యా.

మరుసటి వారం స్కూటరు బావి దాకా పాయ. నేను పోల్యా. పదడుగులుండంగానే కాళ్లు నిలబడిపాయ. మిగతా ఆరు బావుల కాడా అంతే. చెట్టు కింద కూచొని, వచ్చే దారిలో శాంతయ్యను "నీ బావులు ఎట్టుండాయి" అని అడిగి, ఆయనవి జాన దిగినాయంటే నావీ అంత దింపి రాసేది. ప్రతి శుక్రవారమూ పోయినా. పోకుండా ఉంటే ఎవరన్నా అడుగుతారని పోయినా.

సున్నాలూ ఐదులూ రాయల్యా. అవి రాస్తే అంచనాకు వేసినట్టుంటాది. ఏడూ మూడూ చూస్తే నిజంగా కొలిచిన అంకెల మాదిరి అగపడతాయి. నువ్వు చెప్పిన 44, 88 గూడా అంతే, రాస్తాంటేనే దొంగతనం మాదిరి ఉండె. నేను ఎంత జాగ్రత్తగా రాస్తినో నీకు అంత తొందరగా దొరికిపోతి.

నవంబరులో తస్నీమ్ పట్టుకున్యాది. పొద్దున్నే ఇంట్లో కూచొని రాస్తాంటే "ఏమయ్యా, కొలతలు మంచం మిందనే పుడతాండాయే" అనె. చెప్తి. తిట్టల్యా. ఆ శుక్రవారం తానూ నా స్కూటరు వెనకెక్కె. నా నడుముకు మోకు కట్టి, రెండో కొస మోటరు దిమ్మెకు చుట్టి తాను పట్టుకునె. బోర్లా పడుకొని కొలిస్తి. అప్పటి నుంచి నిజమైన కొలతలే. నువ్వే చెప్తివి గదా, మిగతావన్నీ బాగుండాయని.

ఇప్పుడు ఏం చేసేది చెప్పు. నేను ఒప్పుకుంటే ఊరు నన్ను విడిచిపెట్టదు, ఫ్యాక్టరీ ఊరిని విడిచిపెట్టదు. ఒప్పుకోకుంటే ఆ కర్నూలు సార్ ఒప్పిస్తాడు.

ముబారక్


నంద్యాల
జనవరి 21

అన్నా,

ముందు నువ్వు బతికినందుకు సంతోషం. నాన్నకు చెప్పలేదు.

నేనూ ఒకటి దాచాను. నీ తొంభై ఒకటి నాకు మొదటి వారమే కనబడ్డాయి, శాంతయ్యవాటితో పాటే. కావాలనే ముందు ఆయన సంగతి అడిగాను. ఈ లెక్క ఎట్లా పట్టుకుంటుందో చదివితే నువ్వే చెబుతావనుకున్నాను. నిన్ను నెల రోజులు ఉడికించినట్టయింది. అది నా తప్పు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. తొంభై ఒక్క కొలతలూ అట్లాగే ఉంచుతాను, చెరపను. వాటి మీద అడ్డంగా గీత కొట్టి, "ఇవి కొలిచినవి కావు" అని రాస్తాను. కారణం కూడా రాస్తాను, నీ మాటల్లోనే. కింద నువ్వు సంతకం పెట్టాలి.

శాంతయ్యవి మీటర్లలో ఇయ్యను. మూరల్లోనే ఇస్తాను. ఆయన మూర నలభై ఐదు అని నీకెవరు చెప్పారు? బడిపుస్తకం. ఆయన చెయ్యి కొలిచి రాసి పంపు. పోయినేడు వానలకు ఆయన ఐదు బావులూ సగటున ఆరు మూరలు లేచాయి. ఈ ఏడాది ఒక మూరా ఒక జాన. అదే చెయ్యి, అదే మోకు, రెండేండ్లు. దానికి సెంటీమీటర్లతో పనిలేదు.

ఐదు బావులతో గెలుస్తామో లేదో నాకు తెలియదు. పన్నెండుతో మాత్రం ఓడిపోతాం. ఆ రోజు కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు, సెలవు ఇయ్యనన్నారు. విచారణలో చెప్పాల్సింది నువ్వే. వాళ్లు నోరు తెరవకముందే చెప్పు.

ఇది ఇచ్చే ముందు జయప్రకాష్‌కు చెప్పు. కమిటీ దగ్గర తొలిసారి వినకూడదు ఆయన.

భావన


ఆళ్లగడ్డ
జనవరి 24

చెల్లెమ్మా,

సంతకం పెట్టి పంపినా. శాంతయ్య మూర నలభై ఎనిమిది. "నీ చెయ్యి కొలవాల" అంటే "పాడె గాని కడతాండావా" అనె.

జయప్రకాష్‌కు చెప్తి. కొట్టు ముందరే. అంతా విన్యాడు. ఆఖరికి అనె:

"నా బావిలోనే పడితివి. నా బావిలోని నీళ్ల మింద అబద్ధాలు రాస్తివి. నేను మాత్రం దినామూ నీ కొట్టుకాడికొచ్చి మేడం ఏమనె, మేడం ఏమనె అని అడుగుతాంటి."

"భయమాయ జయప్రకాషూ."

"భయమైతే భయమైందని చెప్పాల. నేను కొలిచేవాణ్ణి. నా కొడుకు కొలిచేవాడు. నీ భయానికి మూడు ఊర్లు బలిపెట్టినావే."

పాయ. ముందు దినం తీసిపెట్టమన్య రెండించుల పైపులు ఈడనే ఉండాయి. తీసుకుపోల్యా. సాయంత్రానికి మూడు పల్లెల్లో తెలిసిపాయ. నిన్నటి నుంచి ఆ పక్క మనిషి ఒక్కడు గూడా కొట్టు మెట్లెక్కల్యా. తస్నీమ్ వెల్లుల్లి వొలుచుకుంటా కొట్టులోనే కూచుంటాండాది, నాకు తోడుగా.

పదిహేడో తేదీ దాకా ఎట్ల గడిపేది.

ముబారకన్న


ఆళ్లగడ్డ
ఫిబ్రవరి 28

భావనమ్మా,

విచారణ దినం నీకు ఫోన్లో "ఆపినారు" అని ఒక్క మాట చెప్పి పెట్టేసినా. మిగతాదంతా ఇప్పుడు రాస్తాండా.

రెండు ట్రాక్టర్ల జనం వచ్చినారు. నన్ను ఎవరూ ఎక్కమనల్యా. మేం స్కూటరు మింద పోతిమి. కమిటీలో పెద్ద ఒక మేడం, ముక్కుసూటి మనిషి. కర్నూలు సార్ ముందర కాగితాల కట్ట, నా కొలతలే. పైన ఎర్ర సిరా గీతలు దూరం నుంచి గూడా అగపడతాండాయి. నీ కాగితం ఆయనకు అందింది గదా, అయినా నేను నోటితో చెప్తానని ఆయన అనుకోల్యా అనుకుంటా.

పేరు పిలవంగానే లేచి నిలబడి చెప్పేసినా. పడింది, వేలాడింది, మేకల తాడు, తొంభై ఒకటి, అన్నీ. వెనకాల ఎవడో నవ్వె. జయప్రకాష్ వాని పక్కకు తిరిగి చూసె, నవ్వు ఆగిపాయ. నా పక్కకు మాత్రం చూడల్యా.

కర్నూలు సార్ లేచె.

"మేడం, ఈయనే ఒప్పుకున్నాడు. ఇక మూరల లెక్కా? మోకు తడిస్తే కురచవుతుంది. అది కొలతే కాదు."

శాంతయ్య కూచున్యే కాడి నుంచే అనె:

"బావిలో వదిలిన మోకు తడవకుండా ఉంటాదా సామీ? పోయినేడూ తడిసె, ఈయేడూ తడిసె. కురచైతే రెండేండ్లూ కురచే గదా."

మేడం అడిగె, "మీ మూర ఎంత పెద్దాయనా?"

"నా చెయ్యంత."

మేడం టేపు తెప్పించి ఆయన చేత చెయ్యి చాపించె. నలభై ఎనిమిది. మోకు నేల మింద పరిపించి ముడి ముడికీ కొలిపించె. కొన్ని నలభై ఏడు, కొన్ని నలభై తొమ్మిది, ఎక్కువ నలభై ఎనిమిది. కర్నూలు సార్ వంగి తానే నాలుగు ముడులు కొలిచి చూసుకునె. తర్వాత ఆ ఐదు బావుల కాగితాలు పక్కన పెట్టె. మేడం "వీటి మీద మీకు అభ్యంతరముందా" అని రెండుసార్లు అడిగె. "వీటి మీద లేదు" అనె ఆయన. మంచోడే చెల్లెమ్మా, లెక్కకు కట్టుబడె.

నా ఏడు బావుల మూడు నెలలూ కొట్టేసినారు. కొత్త బోరు ఇంకో వానాకాలం చూసేదాకా ఇయ్యకూడదని రాసినారు. అంతదాకా పన్నెండు బావులూ ప్రతి వారం కొలిచి పంపాలంట. "ఏడు బావులు ఎవరు కొలుస్తారు" అని మేడం అడిగె.

జయప్రకాష్ లేచి "ముబారక్ తప్ప ఎవరన్నా" అనె.

వెనక నుంచి భారతమ్మ మాట్లాడె. ఆమె వచ్చింటాదని గూడా నాకు తెల్ల్యా.

"ఆయప్ప పెండ్లాముండాది గదా. నవంబరు నుంచి ఈయన నడుముకు మోకు కట్టి పట్టుకున్యేది ఆ తల్లే. ఈయప్ప చెయ్యి వదిలింటే వదిలింటాడు, ఆమె వదల్ల్యా. ఆమెను కొలవమనండి."

జయప్రకాష్ తస్నీమ్ పక్క చూసె. "వస్తావా అమ్మా?" అనె.

"నేనొస్తే స్కూటరు నడపడానికి ఈయన గూడా రావాల," అనె మీ వదిన. "నాకు నడపను రాదు."

జయప్రకాష్ "నడపమను. స్కూటరు కాడనే నిలబడమను" అనె.

నిన్న శుక్రవారం మొదటిసారి పోతిమి. రంజాను రోజాల్లో ఉపవాసముండాము, పొద్దున్నే బయలుదేరితిమి. తొమ్మిదో నంబరు బావి కాడ నన్ను పదడుగుల అవతల నిలబెట్టినారు. తస్నీమ్ కొంగు దోపుకొని బోర్లా పడుకునె. భారతమ్మ మోకు పట్టుకునె. జయప్రకాష్ పుస్తకం తీసి రాసుకునె.

అంకె ఎంతని నేను అడగల్యా. వాళ్లూ చెప్పల్యా.

మీ అన్న
ముబారక్